మిరపకాయలు ఎండిన రెక్క

2006 ఏప్రిల్‌లో, ఈస్టర్ పండుగ వారం మొదట్లో, నన్ను ములకలపల్లి క్యాంపుకు డ్యూటీ మీద పంపారు. అప్పుడా ఊరు ఖమ్మం జిల్లాలోనే ఉండేది. అక్కడున్న ఒక అల్ట్రాలైట్ విమానం రెక్కల మీది బట్టకు ఇంకా బలం ఉందో లేదో పరీక్షించి, ఎగరవచ్చో లేదో చెప్పడం నా పని. హోదా సీనియర్ టెక్నీషియన్, కవరింగ్స్. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ, మా ఇంట్లో నన్ను విమానాల దర్జీ అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

వేంసూరులో ఎనిమిదో తరగతి సగంలో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా లెక్కల మాస్టారు అనేవారు. ఆ విషయంలో మా ఇద్దరికీ రాజీ కుదరనే లేదు. టెంట్ హౌసులో షామియానాలు కుట్టాను, హైదరాబాదు వెళ్లి లారీల టార్పాలిన్లు కుట్టాను. అక్కడే ఒక చిన్న ఫ్లయింగ్ కంపెనీ వాళ్లు రెక్క చినిగిందని బట్ట పట్టుకొస్తే అదీ కుట్టాను. కుట్టు బాగుందని ఉద్యోగమిచ్చారు. హెల్పర్‌గా చేరి, చట్రాలూ తాళ్లూ బిగించే రిగ్గర్‌నయ్యి, చివరికి పరీక్ష చేసే స్థాయికి వచ్చాను. విమానం ఎగరడానికి యోగ్యమని సంతకం పెట్టేది లైసెన్సు ఉన్న ఇంజనీరు. కానీ బట్ట విషయంలో ఆయన నా రిపోర్టు చూసే పెట్టేవాడు. ఆయన హైదరాబాదులో ఉంటాడు, బట్ట అడవిలో ఉంటుంది మరి.

అల్ట్రాలైట్ అంటే ఏమిటో తెలియనివారికి రెండు మాటలు. అల్యూమినియం గొట్టాల చట్రం, దానికి తొడిగిన పాలిస్టర్ బట్ట, ఒక చిన్న ఇంజను, ఇద్దరికి సీట్లు. అంతే. దాన్ని మొదటిసారి చూసినవాళ్లు మిగతా విమానం ఎక్కడుందని అడుగుతారు. దిండుకు గలీబు తొడిగినట్టు రెక్కల చట్రానికి బట్టను తొడిగి, చివర తాడుతో బిగిస్తారు. గాల్లో ఇంజను ఆగిపోతే పెద్ద ప్రమాదమేమీ కాదు, మెల్లగా జారుకుంటూ ఏదో ఒక పొలంలో దిగొచ్చు. బట్ట చినిగితే మాత్రం జారడానికి ఏమీ మిగలదు.

ఆ విమానం అక్కడ ఉండటానికి కారణం జామాయిల్ తోటలు. కాగితం తయారీకి పెంచే ఆ తోటలు ఎక్కడెక్కడ, ఎంతెంత ఉన్నాయో పైనుంచి ఫోటోలు తీసే కాంట్రాక్టు మా కంపెనీకి దొరికింది. ఏప్రిల్ నాటికి టేకు ఆకు రాల్చి అడవి బోడిగా ఉంటుంది, జామాయిల్ ఒక్కటే పచ్చగా విడిగా కనిపిస్తుంది. అందుకే జనవరిలో కొన్ని ఫ్లయిట్లు చేసి, రెక్కలు విప్పి షెడ్డులో పెట్టి, ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టాలనుకున్నారు. నేను వెళ్లేసరికి రెక్కలు మళ్లీ బిగించేశారు. ఆ అడవి మీద ఎగరడానికి పోలీసుల పర్మిషన్ శనివారం దాకానే ఉంది. తెల్లారితే ఫ్లయిట్.

ఎగిరేది ప్రభుదాసు గారు. ఖమ్మం మనిషి, యాభై దాటినవాడు, ఎందరికో ఎగరడం నేర్పినవాడు. ప్రతి ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్లే కుటుంబం. పొద్దున్నే ఒక కెమెరా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ములకలపల్లి నుంచి భద్రాచలం వైపు వెళ్లాలి. దారి పొడుగునా అడవి, గుట్టలు, వెదురు పొదలు. దిగడానికి మంచమంత చదును కూడా ఉండదు. ఆ ఇద్దరూ మధ్యాహ్నానికి భోజనానికి తిరిగొస్తారా లేదా అన్నది బట్ట మీద ఉంది, బట్ట సంగతి నా మీద ఉంది. ఆయన నన్ను చూసి చెయ్యి ఊపి, "ఏందయ్యా టైలరూ, కొలతలు తీస్కుంటందుకు వచ్చినవా?" అన్నారు.

"అవ్ సార్. నడుం దగ్గర కొంచెం లూజు పెట్టమంటారా?" అన్నాను. మా పరిచయం ఆ తరహాది.

పరీక్షకు వాడే పనిముట్టును మేము సూది కాటా అనేవాళ్లం. చేతిలో ఇమిడే స్ప్రింగు త్రాసు, దాని కొసన దబ్బనం కంటే సన్నగా, కుట్టుసూది కంటే లావుగా ఒక సూది. బట్టలో సూది గుచ్చి, బట్టకు సమాంతరంగా మెల్లగా లాగాలి. త్రాసు ముల్లు ఎర్ర గీతను చేరేదాకా సూది పడ్డ చిల్లు చిల్లుగానే ఉంటే బట్ట పాసు. గీత చేరకముందే చిల్లు చీలిక అయితే ఫెయిలు. పడుగు దిక్కుకు ఒకసారి, పేక దిక్కుకు ఒకసారి లాగాలి. తరువాత కుట్ల కింద సూది పెట్టి దారాన్ని కూడా లాగి చూడాలి. పని అయ్యాక ఆ చిల్లు మీద గుండ్రటి జిగురు బట్ట అంటిస్తాం. పెద్ద బొట్టుబిళ్లంత ఉంటుంది. నేను పరీక్ష చేసిన రెక్కలు పెళ్లికూతుళ్ల లాగా ఉండేవి.

ఎక్కడ గుచ్చాలన్నది గుచ్చడం కంటే ముఖ్యం. పాలిస్టర్‌ను చంపేది వాన కాదు, వాడకం కూడా కాదు, ఎండ. కాబట్టి రెక్క కింది వైపు నీడలో ఉన్న బట్టను గుచ్చి పాసు చేస్తే ఎవరిని మోసం చేసినట్టో చెప్పనక్కర్లేదు. పైవైపున, ఎండ బాగా పడే నడిమి భాగాల్లో గుచ్చాలి. అలాగే చేశాను. స్టూలు ఎక్కి ఎడమ రెక్క నడుమ గుచ్చాను. ముల్లు ఎర్ర గీతకు చేరింది, చిల్లు కదలలేదు. పేక దిక్కుకు లాగినా అంతే. మరో రెండు చోట్లా అంతే. కుడి రెక్క కూడా పాసు. అన్ని సీజన్లు చూసిన బట్టకు ఇంత గట్టితనం ఉండటం నాకే ముచ్చటేసింది. కింద నిలబడ్డ ప్రభుదాసు గారికి బొటనవేలు చూపించాను. ఆయన చాయ్ చెప్పారు.

మిగిలింది దారం. ఒక కుట్టు వరస మీదికి వంగి, ముఖం బట్టకు ఆనించినంత దగ్గరగా పెట్టి, ఒక కుట్టు కింద సూది దూర్చి పైకెత్తాను. అంతే, తుమ్ము వచ్చింది. ఇంకొకటి వచ్చింది. ఆగకుండా వచ్చాయి. స్టూలు మీద ఒంటికాలిపై ఊగుతూ, కాటా కింద పడకుండా పట్టుకుని, కన్ను నులుముకున్నాను. అది ఇంకా పెద్ద తప్పయింది. కన్ను మంటెత్తిపోయింది.

"జలుబు జేసిందా?" అని కిందనుంచి అడిగారు ప్రభుదాసు గారు.

"నాకు కాదు సార్," అన్నాను కన్ను మూసుకునే. "మీ విమానానికే ఆవకాయ పెట్టినట్టున్నరు."

దిగి, నీళ్లతో కన్ను కడుక్కుని, మళ్లీ ఎక్కి వాసన చూశాను. అనుమానం లేదు. బట్ట శుభ్రంగా, తెల్లగా ఉంది గానీ కుట్టు మడతల్లో మిరపకారం దాక్కుని ఉంది. రెక్కలో గ్రీజు వాసన రావచ్చు, పెట్రోలు వాసన రావచ్చు, షెడ్డులో పెడితే ఎలుకల వాసన కూడా రావచ్చు. మిరపకాయల వాసన ఎందుకొస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు చాయ్ గ్లాసులతో వస్తోంది. సువార్తమ్మ ఆ క్యాంపుకు వంటమనిషి, కాపలామనిషి కూడా. మేము లేని నెలల్లో షెడ్డు తాళంచెవి ఆమె కొంగునే ఉండేది. వయసులో నాకంటే పెద్దది, నన్ను తమ్మీ అనేది.

"అక్కా, ఈ రెక్కలు ఇన్ని రోజులు ఏడ పెట్టినవ్?" అని అడిగాను.

"ఏడ పెడ్త? బయటనే పెట్టిన," అంది ఆమె, అదేదో అడగాల్సిన విషయమే కానట్టు. "ఎలుకలు కొడ్తయి జాగ్రత్త అని చెప్పి పోతిరి. ఎలుకలుండేది షెడ్డులనే గద. చెమ్మ తగిల్తే బూజు పడ్తదంటిరి. అందుకే రెండు నులక మంచాలేసి, దాని మీద పండబెట్టి, రోజు ఎండకు పెట్టిన. పొద్దున కప్పిన బొంత తీసుడు, మాపటికి మళ్ల కప్పుడు. పసిపిల్లను జూసుకున్నట్టు జూసుకున్న తమ్మీ."

ఆమె చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. ఆ వైపు ఇళ్లలో ఎండ సర్వరోగ నివారిణి. బొంతలు, పరుపులు, వడ్లు, పప్పులు, ఇప్పపువ్వు, చింతపండు, బాలింత పక్కబట్టలు, ఏది బాగుండాలన్నా ఎండకు పెడతారు. ఎలుకల గురించీ చెమ్మ గురించీ హెచ్చరించిన మా కంపెనీ వాళ్లలో ఎవరికీ, ఎండ సంగతి కూడా చెప్పాలని తోచలేదు. విలువైన వస్తువని ఆమె మనసుపెట్టి, సెలవు పెట్టకుండా, ఆ రెక్కలను ఎండబెట్టింది. రెండున్నర నెలల ఖమ్మం ఎండ.

"మరి మిరపకాయలేంది?" అన్నాను.

సువార్తమ్మ ప్రభుదాసు గారి వైపు ఒకసారి చూసింది. "అంత పెద్ద తెల్లబట్ట మంచం మీద ఖాళీగ పడి ఉంటె ఎట్లనో అనిపిచ్చింది. మా మరిదోళ్లయి కొన్ని, పక్కింటోళ్లయి కొన్ని పోసినం. నేల మీద పోస్తే మట్టయితయి, బేరగాడు వంక పెడ్తడు. దీని మీద ఎండినయి మెరిసిపోయినయి సారూ. మళ్ల మొత్తం నీళ్లు పోసి కడిగిన. ఒక్క మరకన్న ఉన్నదా, జూడుండ్రి."

ప్రభుదాసు గారు గట్టిగా నవ్వారు. "రెక్కకు రెక్కాయె, కళ్లానికి కళ్లమాయె. పాసే అయింది గద, ఇంకేంది?"

నేను కూడా నవ్వాను గానీ, సగంలో ఆగిపోయాను. రెండున్నర నెలలు ఎండలో పడుకున్న బట్ట నడుమ అంత గట్టిగా ఎందుకుంది? ఉండకూడదు. మిరపకాయలు కప్పి ఉంచాయి కాబట్టి ఉంది. అంటే నేను గుచ్చినవన్నీ నీడలో ఉన్న చోట్లే. మాన్యువల్ రాసినవాళ్లకు ఎండ సంగతి తెలుసు గానీ, మధ్యలో మిరపకాయలు అడ్డం వస్తాయని ఎలా తెలుస్తుంది?

"అక్కా, కాయలు రెక్క మొత్తం పోసినవా?"

"మొత్తం ఎట్ల పోస్తం? ముందటి వైపు ఒంపు ఉంటది గద, ఆడ పోస్తే జారి కింద పడ్తయి. ఓ జానెడు ఇడిచిపెట్టి పోసినం."

ఆమె ఆ మాట అనగానే ప్రభుదాసు గారి నవ్వు ఆగింది. ఆయనకు నేను వివరించనక్కర్లేకపోయింది. విమానం ఎగిరేటప్పుడు గాలి రెక్కను పైకి పీల్చే బలం అంతటా ఒకేలా ఉండదు. ముందు ఒంపు వెనక, ఆ జానెడు మేరలోనే ఎక్కువ. బట్ట చినగాలంటే అక్కడే మొదలవుతుంది.

మళ్లీ స్టూలు ఎక్కాను. చాయ్ చల్లారిపోతోంది. ఒంపు వెనక సూది గుచ్చి లాగాను. ముల్లు ఎర్ర గీతకు సగం దూరం కూడా వెళ్లలేదు, పాత పంచె చిరిగినట్టు సన్నని చప్పుడు చేసి చిల్లు చీలికైంది. పేక దిక్కుకు లాగాను, అదే చప్పుడు. కుడి రెక్కకు మారాను, అదే చప్పుడు. ప్రభుదాసు గారు తనకూ కాటా ఇమ్మన్నారు. ఇచ్చాను. ఆయన లాగిన చోట కూడా చినిగింది. ఆయన కాటా నాకు తిరిగిచ్చి, "ఇది ఎంత ఎత్తుకు పొయ్యినంక చినిగేదయ్యా?" అని అడిగారు. ఎంత సీరియస్ మాటకైనా ఏదో ఒక వంకర జవాబు ఇచ్చే అలవాటు నాది. ఈసారి మాత్రం కాటా పెట్టెలో పెట్టి, హైదరాబాదుకు ఫోను చేద్దాం పదండన్నాను.

క్యాంపులో ఫోను సిగ్నల్ ఉండేది కాదు. ఇద్దరం ములకలపల్లి సెంటరులోని ఎస్టీడీ బూతుకు వెళ్లి హైదరాబాదులో మేనేజరుకు చెప్పాం. ఆయన మంచివాడే గానీ పర్మిషన్ తేదీ ఆయన మెడ మీద కూర్చుని ఉంది. నడిమి భాగమంతా పాసైంది కదా, ముందు కొంచెమే కదా, మొత్తం మీద సగటు ఎంత వస్తుందో లెక్క కట్టమన్నాడు.

"సార్, నేను ఎనిమిదో తరగతి కూడా పూర్తి చెయ్యలే, నాకు సగటు రాదు. కానీ కొబ్బరికాయ సగం కుళ్లితే సగటు తీసి చట్నీ చేసుకోం గద," అన్నాను.

నాతో లాభం లేదనుకుని ఫోను ప్రభుదాసు గారికి ఇమ్మన్నాడు. ఒక్క ఫ్లయిట్, అదీ తక్కువ ఎత్తులో, గాలి లేని పూట వెళ్లొస్తారా అని అడుగుతున్నట్టు ఆయన జవాబులను బట్టి అర్థమైంది. ఆ రోజుల్లో చాలామంది పైలట్లు ఇలాంటి మాటకు మొహమాటపడి ఒప్పుకునేవారు. ఆయన మొహమాటపడలేదు. "లే సార్, పోను. తక్కువ ఎత్తుల నుంచి పడ్డా చెట్లు గవే, గుట్టలు గవే. రెక్కల బట్ట పంపుండ్రి, పోతా," అని ఫోను పెట్టేసి, బూతు అతనికి డబ్బులిచ్చి, నా వైపు తిరిగి, "నువ్వు తుమ్మకపోతే రేపు పొద్దున నేనేడుంటుంటినయ్యా?" అన్నారు.

"ముక్కుల మిర్చి పోతే తుమ్మకుండ ఎట్లుంట సార్," అన్నాను. ఆయన నవ్వారు. ఆ సాయంత్రం ఆ నవ్వు వినడం నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పాత బట్టను మేమిద్దరమే ఊడదీశాం. గలీబు లాంటిది కాబట్టి తాళ్లు విప్పి లాగితే వచ్చేస్తుంది. ముందు వైపు జానెడు పట్టీ కత్తిరించి, రెండు చేతులతో పట్టుకుని లాగితే అప్పడం లాగా చినిగింది. నడిమి భాగాన్ని ఎంత లాగినా చేతులే నొప్పెట్టాయి. ఒకే తానులో కోసిన ఒకే బట్ట.

సువార్తమ్మ ఆ రోజు వంట చెయ్యలేదు. పొయ్యి దగ్గర కూర్చుని ప్రార్థన చేస్తోంది. తనను పనిలోంచి తీసేస్తారని కాదు ఆమె భయం, ఆ సారుకేమన్నా అయి ఉంటే ఎట్లా అని. ప్రభుదాసు గారే వెళ్లి పక్కన కూర్చున్నారు. "నువ్వు ఎండకు పెట్టకుంటె బట్ట పాడుగాకపోవు, నిజమే. మిరపకాయలు పొయ్యకుంటె పాడయిందని మాకు తెల్వకపోవు. ఎండ లెక్క మిర్చితోని తీరిపోయింది. లేచి అన్నం వండు, ఆకలైతాంది," అన్నారు. నా ఉద్దేశంలో ఆ లెక్క పూర్తిగా సరైనది కాదు. మిరపకాయలు లేకపోతే నడిమి బట్ట కూడా పాడై నా మొదటి సూదికే దొరికిపోయేది. కానీ ఆకలి నాకు కూడా వేస్తోంది కాబట్టి నేను సరిదిద్దలేదు.

కొత్త బట్ట హైదరాబాదు నుంచి బస్సు పార్శిల్‌లో కొత్తగూడెం వచ్చింది. అప్పటికి పర్మిషన్ గడువు దాటిపోయింది. దాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి మేనేజరు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో ఆయన చెప్పుకోవాల్సిన కథ. ఈ లోపల ప్రభుదాసు గారు ఖమ్మం వెళ్లి ఇంటివాళ్లతో ఈస్టర్ చేసుకుని, కేకు డబ్బాతో తిరిగొచ్చారు. కొత్త బట్ట తొడిగి, తాళ్లు బిగించి, నేను మళ్లీ స్టూలెక్కాను. ఈసారి ఒంపు మీద, ఒంపు వెనక, నడుమ, అంచుల్లో, ఎక్కడ పడితే అక్కడ గుచ్చాను. అన్నిచోట్లా ముల్లు ఎర్ర గీత దాటింది. రెక్కల నిండా బొట్టుబిళ్లలే. ఇది విమానమా, గంగిరెద్దా అని ప్రభుదాసు గారు అడిగారు.

మర్నాడు పొద్దున్నే కెమెరా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని లేచిపోయారు. చెట్ల మీదుగా భద్రాచలం వైపు వెళ్తుంటే చాలాసేపు ఇంజను చప్పుడు వినిపించింది, తరువాత వినిపించలేదు. సువార్తమ్మా నేనూ మంచాల మీద కూర్చున్నాం. అవే రెండు నులక మంచాలు. ఆమె ఆకాశం వైపు చూస్తోంది, నేను ఆమె చేసిన పప్పుచారు వైపు చూస్తున్నాను. ఎండ ముదరకముందే ఆ చప్పుడు మళ్లీ వినిపించింది. ప్రభుదాసు గారు దిగి, హెల్మెట్ తీసి, ఏమీ జరగని మనిషి లాగా నీళ్లడిగారు. ఏమీ జరగలేదు కూడా. మా పనిలో మేము కోరుకునేది అదే.

పాత బట్ట మంచి భాగం తనకిమ్మని సువార్తమ్మ అడిగింది. ఎందుకని నేను అడగలేదు. రెండు పెద్ద ముక్కలు కత్తిరించి, అంచులు మడిచి కుట్టి ఇచ్చాను. వచ్చే ఏడు కాయలు ఇంకా బాగా మెరుస్తాయని చెప్పింది.

ఆ తరువాత మా కంపెనీ వాళ్లు రెక్కలు దాచే నియమాల్లో రెండు వాక్యాలు చేర్చారు. రెక్కలను నేరుగా ఎండలో ఉంచరాదు. వాటిపై ఏ పదార్థమునూ ఆరబోయరాదు. రెండో వాక్యం చదివిన ప్రతి కొత్త ఇంజనీరూ నవ్వి, ఇలా ఎవరు చేస్తారని అడిగేవాడు. జాగ్రత్తగా చూసుకునేవాళ్లు చేస్తారని చెప్పేవాణ్ణి.

సూది కాటా అబద్ధం చెప్పదు. గుచ్చిన చోటు గురించి నిజమే చెబుతుంది, గుచ్చని చోటు గురించి ఏమీ చెప్పదు. ఎక్కడ గుచ్చాలో తెలియాలంటే ఆ బట్ట నిన్నటిదాకా ఎక్కడ పడుకుందో, ఎవరు చూసుకున్నారో తెలియాలి. అది మాన్యువల్లో ఉండదు, తాళంచెవి ఉన్న మనిషిని అడగాలి. ములకలపల్లి తరువాత ఏ క్యాంపుకు వెళ్లినా నేను ముందు వంటింటికి వెళ్లి మాట్లాడి, తరువాతే విమానం దగ్గరికి వెళ్లేవాణ్ణి. అక్కడ కూడా కాటా తీయకముందు కుట్టు మడతల్లో ముక్కు పెట్టి వాసన చూసేవాణ్ణి. రిటైరయ్యేదాకా మళ్లీ ఎప్పుడూ తుమ్ము రాలేదు. అయినా చూడటం మానలేదు.